వెనిస్ పుస్తకం చివరాకు: గుండ్రం మీద శిలువ, లోపల ఓ, ఎస్, ఎం. ఎవరిదీ గుర్తు?

పాడువా_పోరడు
అందరికీ నమస్తే. నేను ఇటలీల పాడువాలో చదువుకుంటున్న. ఇక్కడ ప్రాతో దెల్లా వల్లే మైదానంల నెలనెలా మూడో ఆదివారం పాత సామాన్ల అంగడి పెడతరు. మొన్న పోయినప్పుడు ఒక అట్టపెట్టెల విడి కాగితాలు తిరగేస్తుంటే ఒక అచ్చు ఆకు దొరికింది. 40 యూరోలు ఇచ్చి తెచ్చుకున్న. మందమైన కాగితం, రెండు వరుసల్ల గోతిక్ అక్షరాలు. పుస్తకం చివరాకు అనుకుంట, ఎందుకంటే కింద నల్లటి చదరంల తెల్ల గీతలతో ఒక గుర్తున్నది. గుండ్రం, దాని మీద రెండు అడ్డగీతల శిలువ. గుండ్రం లోపల పైన ఓ, ఎస్, కింద ఎం. గుర్తుకు పైన మూడు లైన్లు ఉన్నయి గాని, ఎవరో కుడి అంచు కోసేసిన్రు. వాటిల సగం మాటలు పోయినయి. ఫొటో పెట్టిన. ఇది ఎవరిదో, ఎప్పటిదో చెప్పగలరా?

హంపీ_దారిలో
గుండ్రం మీద శిలువ అంటే వెనిస్ ముద్రాపకుడు నికొలా జెన్సన్ గుర్తు కదా? ఎక్కడో చూసినట్టు గుర్తు. రోమన్ అక్షరాలకు అంత అందం తెచ్చినవాడు. ఆయనదే అయితే నీ అదృష్టం పండినట్టే తమ్ముడూ.

గ్రంథాలయ_శారద
హంపీ గారూ, పొరపడటం సహజమే, కానీ ఇది జెన్సన్‌ది కాదు. ఆయన 1480లో పోయాడు. గుండ్రం, శిలువ ఉన్న గుర్తును 1481 నుంచి వాడింది ఆయన పేరు కూడా చేర్చుకున్న భాగస్వామ్య సంస్థ, కొలోన్ యోహాన్నెస్ వాళ్ళది. ఆ గుర్తుకు ఎంత గిరాకీ వచ్చిందంటే, తర్వాత వెనిస్‌లో అచ్చు వ్యాపారం చేసినవాళ్ళలో చాలామంది అదే బొమ్మ తీసుకుని లోపలి అక్షరాలు మార్చుకున్నారు. ఆంద్రెయా తొర్రెసానీ ఏ, టీ పెట్టుకున్నాడు. సంగీతాన్ని కదిలే అచ్చులతో వేసిన ఒత్తావియానో పెత్రూచి ఓ, పీ, ఎఫ్ పెట్టుకున్నాడు. అందులో ఎఫ్ ఆయన సొంతూరు ఫొస్సొంబ్రోనె.

కాబట్టి ఈ కుటుంబం గుర్తుల్లో బొమ్మను చూసి ఎవరిదో చెప్పకూడదు, అక్షరాలు చూడాలి. ఓ, ఎస్, ఎం అంటే ఒక్తావియానుస్ స్కోతుస్ మొదొయెతియెన్సిస్. ఇటలీ వాళ్ళు ఒత్తావియానో స్కోతో అంటారు. ఎం ఆయన ఊరు, మిలాన్ పక్కనున్న మోంజా. పాడువా తమ్ముడూ, ఆ పెట్టెలో మంచి ఆకు ఏరుకున్నావు.

చిన్ని_అక్షరం
శారదక్కా, ఒక సందేహం. అందరూ ఒకే బొమ్మ వాడితే గుర్తు పెట్టి లాభం ఏముంది? ఆ శిలువ, గుండ్రం అసలు దేనికి?

గ్రంథాలయ_శారద
గుండ్రం భూగోళం, పైన క్రీస్తు శిలువ. లోకం మీద ఆయన ఏలుబడి అని అర్థం. కానీ అంతకంటే నేలమీది కారణం కూడా ఉంది. ఆ కాలపు వర్తకులు మూటల మీద, పీపాల మీద ఇలాంటి నిలువు గీత, శిలువ, పొడి అక్షరాల గుర్తులు వేసేవాళ్ళు. గుంటూరు యార్డులో మిర్చి బస్తాల మీద కొట్టువాళ్ళ మార్కా చూశావుగా, అలాంటిదే. బైండింగు లేని పుస్తకాల కాగితాలు పీపాల్లో కుక్కి ఆల్ప్స్ దాటించేవాళ్ళు. పీపా మీదున్న మార్కాయే లోపలి పుస్తకం చివరా ఉంటే సరుకు ఎవరిదో తెలిసిపోతుంది. నా మట్టుకు నాకు, ఆ తొలినాళ్ళ గుర్తుల్లో ముద్రాపకుడి కంటే వర్తకుడే ఎక్కువ కనిపిస్తాడు.

హంపీ_దారిలో
సరిదిద్దినందుకు ధన్యవాదాలు శారద గారూ. అంటే ఈ ఆకు అచ్చువేసింది స్కోతో అని రాసుకోవచ్చా?

గ్రంథాలయ_శారద
ఇంకా వద్దు. స్కోతో 1480 ప్రాంతంలో వెనిస్‌లో తనే ప్రెస్ నడిపాడు. కొన్నేళ్ళకు డబ్బు పెట్టి వేరేవాళ్ళ చేత వేయించడం మొదలుపెట్టాడు. 1480ల చివర్నుంచి ఆయనకు ఎక్కువగా వేసిపెట్టింది బొనెత్తో లొకాతెల్లో, బెర్గామో వైపు పూజారి. గుర్తు మాత్రం స్కోతోదే. అంటే ఈ గుర్తు నీకు పెట్టుబడి ఎవరిదో చెబుతుంది. చేతికి సిరా అంటించుకున్నది ఎవరో చెప్పదు. క్యాటలాగులో ఈ రెండూ కలిపేసిన చీటీలు ఎన్నో చూశాను, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను. ఆ మూడు లైన్లు ఎవరైనా చదవగలిగితే తేలుతుంది. జోజి గారు ఉన్నారా?

ట్రెడిల్_తాత
బాబూ, నాకు లాటిన్ రాదు, ఇటలీ తెలీదు. తెనాలిలో ముప్పైఎనిమిదేళ్ళు లెటర్ ప్రెస్ నడిపాను. నీ ఫొటో పెద్దది చేసి చూశాను. గుర్తులో కుడిపక్కన నల్లటి నేల మీద పైనుంచి కిందకి సన్నటి తెల్ల గీత ఒకటుంది. అది బొమ్మలో భాగం కాదు. కర్ర బ్లాకు పగిలితే అలాగే పడుతుంది. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి చెప్పు. బ్లాకు వెడల్పు, ఎత్తు కూడా మిల్లీమీటర్లలో కొలిచి పెట్టు.

పాడువా_పోరడు
తాతా, నమస్తే. ఎత్తు 73, వెడల్పు 46 వచ్చింది. గీత పై అంచు నుంచి మొదలై దాదాపు కింది దాకా పోయింది. పగులైతే ఏం తెలుస్తది?

ట్రెడిల్_తాత
చాలా తెలుస్తుంది. విను.

సీసం అచ్చు అరిగితే కరిగించి మళ్ళీ పోసుకుంటాం. బొమ్మ బ్లాకు అలా కాదు, అది కర్ర. ఒకసారి చెక్కించాక అది ఉన్నన్నాళ్ళూ దాన్నే ఫారంలో పెట్టి బిగిస్తాం. పని అయ్యాక తడిగుడ్డతో సిరా తుడుస్తాం, ఆరుతుంది, మళ్ళీ తడుస్తుంది. అలా ఆరి తడిసి కర్ర ఎటు పోగు ఉందో అటు చీలుతుంది. మొదట అంచున వెంట్రుకంత. ఏడాదికో రెండేళ్ళకో ఇంకాస్త. గట్టు గీతలు అంచుల్లో చితుకుతాయి. పుచ్చు పట్టిందంటే పురుగు బెజ్జం అచ్చులో తెల్లటి గుండ్రటి చుక్కగా పడుతుంది. చీలింది మళ్ళీ అతకదు, బెజ్జం మళ్ళీ పూడదు. వయసు ఒకవైపే నడుస్తుంది.

అందుకని అదే బ్లాకుతో వేసిన, తేదీ ఉన్న పుస్తకాలు రెండు మూడు పక్కన పెట్టుకో. ఒకదాంట్లో చీలిక లేదు, తర్వాతిదాంట్లో సగం దాకా ఉంది, ఆ తర్వాతిదాంట్లో కింది దాకా దిగింది అనుకో. తేదీ లేని నీ ఆకు ఏ రెంటి మధ్యదో చెప్పేయొచ్చు. మా ప్రెస్సులో శుభలేఖల వినాయకుడి బ్లాకు ఒకటుండేది. తొండం పక్కన గీత విరిగింది చూసి ఏ లేఖ ఏ ఏటి మాఘమాసంలో వేశామో నేను చెప్పేవాణ్ణి.

కొలత ఎందుకు అడిగానంటే, గిరాకీ ఉన్నవాడు ఒకే బొమ్మను రెండు మూడు బ్లాకులు చెక్కించుకుంటాడు. కంటికి ఒకేలా ఉంటాయి, రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. వేరే బ్లాకు చీలికతో నీ బ్లాకు చీలికను పోల్చావా, మొత్తం లెక్క తప్పుతుంది.

అయితే ముందు ఒక పని చెయ్యి. ఆకు తిప్పి వెనకవైపు చూడు. ఆ గీత బ్లాకు దాటి మార్జిన్లోకి కూడా వెళ్ళిందేమో వేలితో తడిమి చూడు.

పాడువా_పోరడు
తాతా, వెనకాల కూడా అదే చోట సన్నటి గాటు లెక్క తగులుతున్నది. గుర్తు పైన మార్జిన్ల కూడా ఒక వేలెడు దూరం పోయింది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే అక్కడ కాగితం ముడత పడినట్టున్నది.

ట్రెడిల్_తాత
అయితే అది పగులు కాదు బాబూ. కాగితం మడత. అచ్చులోకి వెళ్ళేటప్పుడే సన్నగా ముడుచుకుంది, మడత మీద సిరా పడింది, తర్వాత విప్పితే లోపలి భాగం తెల్లగా మిగిలింది. ఆ రోజుల్లో కాగితం తడిపి అచ్చువేసేవాళ్ళట. తడి కాగితం ముడుచుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. కర్రలో చీలిక మార్జిన్లోకి పోలేదు, మార్జిన్లో కర్ర లేదు కదా. ఆ మడత ఈ ఒక్క కాగితానిది, బ్లాకు కథలోకి రాదు. వేరే పుస్తకాలతో పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టు, చుట్టూ గట్టు గీత చితుకుళ్ళు మాత్రం చూడు.

గ్రంథాలయ_శారద
తాత గారూ, ఈ వివరణ నేను నా దగ్గర రాసి పెట్టుకుంటున్నాను. ముడత, పగులు తేడా తెలియక తేదీలు తప్పిన సందర్భాలు చూశాను. వెనకవైపు తిప్పి చూడమని నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

హంపీ_దారిలో
నా సంగతి కూడా ఒకటి అడుగుతాను, దారి మళ్ళిస్తున్నానని అనుకోకండి. రాముసియో సంకలించిన యాత్రాగ్రంథాల మొదటి సంపుటం, 1550 వెనిస్ ప్రతి, ఇంటర్నెట్లో చూస్తున్నాను. మన విజయనగరం చూసిన నికొలో కొంతి, వర్తెమా, బార్బోజా ముగ్గురూ అందులో ఉన్నారు. కొంతి వెనిస్ రాజ్యం వాడే అయినా ఆయన కథ రాముసియోకి పోర్చుగీసు అనువాదం నుంచి వచ్చిందని చదివి ఆశ్చర్యపోయాను. ముఖపత్రం మీద ఒక పూవుంది, కలువలా. ఫ్రాన్సు రాజుల గుర్తులా అనిపించింది. వెనిస్ పుస్తకం మీద ఫ్రాన్సు గుర్తు ఏమిటి?

గ్రంథాలయ_శారద
అది ఫ్రాన్సుది కాదు, ఫ్లారెన్సుది. తేడా చూడండి: ఫ్లారెన్సు లిల్లీకి రేకుల సందుల్లోంచి కేసరాలు పైకి వస్తాయి. ఫ్రాన్సు రాజుల లిల్లీకి అవి ఉండవు. ముద్రాపకులు జుంతా కుటుంబం. లుకాంతోనియో జుంతా ఫ్లారెన్సు నుంచి వెనిస్ వచ్చి స్థిరపడ్డాడు, ఊరి పూవును గుర్తుగా తెచ్చుకున్నాడు. పక్కన ఎల్, ఏ అని పేరు పొడి అక్షరాలు పెట్టేవాడు. ఆయన 1538లో పోయాడు కనుక మీ 1550 సంపుటం ఆయన వారసులది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్నదమ్ముల్లో ఫిలిప్పో ఫ్లారెన్సులోనే ప్రెస్ పెట్టాడు. తర్వాతి తరంలో ఒకడు ఫ్రాన్సులోని లియోన్ వెళ్ళి అక్కడా పెట్టాడు. మూడు ఊళ్ళు, ఒకే లిల్లీ. పూవు చూసి ఇల్లు చెప్పొచ్చు, ఊరు చెప్పలేం. అలాగే 1557 నవంబరులో వెనిస్ జుంతాల ప్రెస్ తగలబడింది. రాముసియో నాలుగో సంపుటానికి కూర్చిన సామగ్రి ఆ మంటల్లో పోయింది. మన దేశం మీద అందులో ఇంకేమైనా ఉందేమోనని తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

చిన్ని_అక్షరం
ఒకే ఇంటివాళ్ళు ఒకే గుర్తు పంచుకోవడం సరే. పక్కవాడి గుర్తు దొంగిలించడం లేదా? వెనిస్ ముద్రాపకుడు అల్దో మనూజియో డాల్ఫిన్, లంగరు గుర్తుకు నకిలీలు వచ్చాయని విన్నాను.

గ్రంథాలయ_శారద
వచ్చాయి, బాగా వచ్చాయి. అల్దో 1501లో చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు, వాలు అక్షరాలతో మొదలుపెట్టాడు. లియోన్ వాళ్ళు వెంటనే అలాంటివే వేసి అమ్మారు. వాటిమీద పేరు లేదు, ఊరు లేదు, గుర్తు లేదు. 1503 మార్చిలో అల్దో ఒక హెచ్చరిక అచ్చువేసి ఆ నకిలీల్లో అచ్చుతప్పులు ఏవేవో పట్టిక ఇచ్చాడు. లియోన్ వాళ్ళు ఆ పట్టిక చూసి తమ తప్పులు దిద్దుకున్నారు.

డాల్ఫిన్ గుర్తు ఆయన 1502 నుంచి పెట్టాడు. ఆ బొమ్మ ఉన్న రోమన్ వెండి నాణెం ఒకటి పియెత్రో బెంబో ఆయనకు ఇచ్చాడని ఎరాస్మస్ రాశాడు. లంగరు నిదానం, డాల్ఫిన్ వేగం. రెండూ కలిపి "నిదానంగా త్వరపడు" అని. మన నిదానమే ప్రధానంలో లంగరు ఒక్కటే ఉంది, డాల్ఫిన్ లేదు.

దొంగతనం సంగతి అల్దో పోయాక జరిగింది. రోమన్ చరిత్రకారుడు లివీ గ్రంథానికి 1518లో వేసిన ప్రతి ముందుమాటలో అల్దో బావమరిది ఫ్రాంచెస్కో తొర్రెసానీ ఫ్లారెన్సు ముద్రాపకుల మీద మండిపడ్డాడు. మా గుర్తు దొంగిలించారు, అయితే మా డాల్ఫిన్ తల కుడికి తిరిగి ఉంటుంది, వాళ్ళది ఎడమకు తిరిగి ఉంది అని రాశాడు.

ట్రెడిల్_తాత
ఎడమకు ఎందుకు తిరిగిందో నాకు తోస్తున్నది చెబుతాను. అచ్చయిన కాగితం ఎదురుగా పెట్టుకుని అందులో ఉన్నది ఉన్నట్టు కర్ర మీద చెక్కితే, అచ్చు కొట్టినప్పుడు బొమ్మ తిరగబడుతుంది. అక్షరాలైతే చదవగానే దొరికిపోతాయి, ఎవరైనా తిప్పి చెక్కుతారు. చేప తల ఎటుందో చెక్కేవాడు పట్టించుకోడు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళు బ్లాకు చెక్కితే మొదటి నెలలో ఇదే.

హంపీ_దారిలో
తాత గారూ, ఇంత సూటి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

లాటిన్_జోజి
క్షమించండి, ఇప్పుడే చూశాను. సెమినరీలో నేర్చుకున్న లాటిన్ ఇలా పనికొస్తుందని అనుకోలేదు. పాడువా తమ్ముడూ, పెద్ద ఫొటో పెట్టినందుకు థాంక్స్.

ముందు ఒక చిట్కా, మిగతావాళ్ళకీ పనికొస్తుంది. ఈ అచ్చులో చాలా అక్షరాల నెత్తిన చిన్న అడ్డగీతలు కనిపిస్తాయి. ఏ, ఈ, ఓ లాంటి అచ్చు (స్వరం) మీద గీత ఉంటే తర్వాత ఎం గానీ ఎన్ గానీ మింగేశారని. మన సున్న లాగే అనుకోండి: "కంబళి"లో సున్న మ్ అవుతుంది, "కందిపప్పు"లో న్ అవుతుంది, పక్క అక్షరాన్ని బట్టి మనమే పలుకుతాం. అలాగే పీ కాలికి అడ్డగీత ఉంటే అది "పెర్". ఈ రెండూ పట్టుబడితే సగం లాటిన్ అచ్చు చదవొచ్చు.

ఇక నీ మూడు లైన్లు. కుడివైపు పోయినవి నేను పూరించి చెబుతున్నాను, అవి ఈ ముద్రణల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలే. మొదటి లైను: "మందాతో ఎత్ ఎక్స్‌పెన్సిస్ నోబిలిస్ విరి", ఆ తర్వాత "దోమిని" మొదటి అక్షరం దగ్గర కోత పడింది. రెండో లైను: "ఒక్తావియాని స్కోతి సివిస్ మొదొ", అక్కడ కోత. మూడో లైను: "పెర్ బొనెతుం లొకాతెల్లుం", ఆపైన తేదీ. రోమన్ అంకెల్లో ఎం, నాలుగు సీలు, ఎక్స్, సీ కనిపిస్తున్నాయి, మిగతాది కోసేశారు.

అర్థం: మోంజా పౌరుడు, గౌరవనీయుడు ఒక్తావియానుస్ స్కోతుస్ దొర ఆజ్ఞతో, ఆయన ఖర్చుతో, బొనెతుస్ లొకాతెల్లుస్ చేత. శారద గారు అనుమానించినట్టే డబ్బు ఒకరిది, పని ఒకరిది.

తేదీలో 1490 వరకు ఉంది, పక్కన ఏముందో లేదు. కాబట్టి 1490 నుంచి 1499 దాకా ఏదైనా కావచ్చు. అయితే ఇంకొంచెం బిగించొచ్చు. స్కోతో 1498 డిసెంబరులో చనిపోయాడు. ఆ తర్వాత అదే గుర్తుతో వచ్చిన పుస్తకాల్లో "హెరెదుం క్వోందం" అని చేరుతుంది. హెరెదుం అంటే వారసుల, క్వోందం అంటే మన కీ.శే. అన్నమాట. నీ లైన్లలో "విరి" తర్వాత "దోమిని" మొదలైంది, దాని వెంటనే పేరు. కీ.శే. లేదు, వారసులు లేరు. అంటే ఆయన బతికున్నప్పటిదే.

ఒక్కటి గుర్తుంచుకో. వెనిస్ ప్రభుత్వ లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 1న వచ్చేది. మన ఉగాదిలా, జనవరికి సంబంధం లేదు. ఆ లెక్కన వాళ్ళ 1498 జనవరి, మన లెక్కలో 1499. ముద్రాపకులు అందరూ అదే లెక్క వాడలేదు. ఏడాది తేలాక నెల కూడా చూసుకోవాలి.

పాడువా_పోరడు
జోజి అన్నా, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఆయన బతికున్నప్పుడు ఆయన డబ్బుతో అచ్చయిన కాగితం నా బల్ల మీద ఉన్నదంటే నమ్మబుద్ధి అయితలేదు. ఇప్పుడు ఇది ఏ పుస్తకమో ఎట్ల పట్టుకోవాలె?

గ్రంథాలయ_శారద
గుర్తుల కోసం ఇటలీ వాళ్ళ ఎదిత్ 16 జాబితాలో వెతికితే నీకు దొరకదు, అది 1501 నుంచి మొదలవుతుంది. తర్వాతి శతాబ్దపు పిల్లి, ఫీనిక్స్, మత్స్యకన్య గుర్తులకు అది బంగారు గని. నోట్లో ఎలుక పట్టుకున్న పిల్లి కనిపిస్తే సెస్సా కుటుంబం, మంటల్లోంచి లేచే ఫీనిక్స్ అయితే జొలీతో, రెండు తోకల మత్స్యకన్య అయితే వరిస్కో. నీ ఆకుకు మాత్రం 1893లో క్రిస్టెల్లర్ జర్మన్‌లో వేసిన ఇటలీ గుర్తుల సంకలనం చూడు. 1525 వరకు గుర్తులన్నీ అసలు కొలతతో పోల్చుకోవడానికి అదే మొదటి మెట్టు. గుర్తు దొరికాక 1500 వరకు అచ్చయిన పుస్తకాల జాబితా ఐఎస్‌టీసీలో స్కోతో, లొకాతెల్లో పేర్లు కలిపి వెతుకు. చాలా పుస్తకాలు వస్తాయి. అప్పుడు జల్లెడ పట్టడానికి మూడు విషయాలు కావాలి.

ఇరవై లైన్లు ఒకచోట ఎంచుకుని మొత్తం ఎత్తు మిల్లీమీటర్లలో కొలువు. ఆ కొలతతోనే ఏ ప్రెస్ ఏ అచ్చులు వాడిందో గుర్తుపడతారు. పెద్దక్షరం ఎం ఆకారం దగ్గరగా ఫొటో తియ్యి. గోతిక్ అచ్చుల్ని జర్మన్ పండితుడు హెబ్లర్ ఆ ఒక్క అక్షరం రూపాన్ని బట్టే వర్గాలు చేశాడు. చివరగా పేజీ పైన శీర్షిక మాట ఏదైనా ఉంటే రాయి. వెలుతురుకు పట్టి నీటిగుర్తు కూడా చూడు, కానీ అది కాగితం మిల్లుది, ముద్రాపకుడిది కాదు. దాన్ని ఈ గుర్తుతో కలపకు.

ఇంకో మాట అక్కలా చెబుతున్నాను. ఆకు మీద గ్రంథాలయం స్టాంపు గానీ, స్టాంపు గీకేసిన మచ్చ గానీ ఉందేమో చూడు. పుస్తకాలు చింపి ఆకులు విడిగా అమ్మేవాళ్ళు ఉన్నారు, వాటిలో దొంగ సొత్తూ ఉంటుంది. ఇండియా తెచ్చుకోవాలనుకుంటే ఇటలీలో అనుమతి తీసుకోవాలి, పాత అచ్చు ఆకులకు కూడా. మీ యూనివర్సిటీ గ్రంథాలయంలో పాత పుస్తకాల విభాగం వాళ్ళకు ముందు చూపించు.

పాడువా_పోరడు
శారదక్కా, స్టాంపు లేదు, గీకిన జాడ కూడా లేదు. రెండు దిక్కులా చూసిన. నీటిగుర్తు వలయంల త్రాసు. పేజీ పైన శీర్షిక "లిబెర్ తెర్సియుస్" అని ఉన్నది, అంతే. పుస్తకం పేరు లేదు. ఇరవై లైన్లు ఎడమ వరుసల కొలిస్తే 82 వచ్చింది, కుడి వరుసల 83.

ట్రెడిల్_తాత
రెండు వరుసలకీ తేడా రావడం మంచిదే, నిజాయితీగా కొలిచావన్నమాట. కాగితం ఆరేటప్పుడు ఒక్కోచోట ఒక్కోలా కుదించుకుంటుంది. ఇంకో మూడుచోట్ల కొలిచి అన్నీ రాయి, సగటు తియ్యకు. స్కేలు మొదటి లైను అక్షరాల అడుగున పెట్టి, అక్కణ్ణుంచి ఇరవై ఒకటో లైను అడుగు దాకా చూడు.

లాటిన్_జోజి
"లిబెర్ తెర్సియుస్" అంటే మూడో పుస్తకం. స్కోతో ఎక్కువగా వేయించినవి అరిస్టాటిల్ వ్యాఖ్యానాలు, వైద్యం. మూడు భాగాలతో ముగిసేదంటే నా మనసులో ఒకటుంది గానీ, పై వరుస చదవకుండా చెప్పను. చివరి ఇరవై లైన్లు నేరుగా పైనుంచి ఫొటో తీసి పెట్టు తమ్ముడూ. రాత్రికి కూర్చుని చదువుతాను.

పాడువా_పోరడు
ఇప్పుడే తీస్తున్న అన్నా.